అవుట్‌లెట్ వాసన: సున్నా

మార్చి 3, సోమవారం

ఈ డైరీ నేను తప్ప ఎవరూ చదవరు కాబట్టి ఇందులో వినయం పాటించనవసరం లేదు. మా డిపార్ట్‌మెంట్ మొత్తంలో నా అంత మంచి ముక్కు ఇంకొకటి లేదు. ఇది నా మాట కాదు, మా పీహెచ్‌డీ గైడ్ మాట. రెండేళ్ల కిందట మూడు సీసాలు పెట్టి, ఒకదాంట్లో మాత్రం వాసన ద్రవం చుక్క వేసి, ఏ సీసాయో పట్టుకోమన్నారు. పదిసార్లు పెట్టారు, పదిసార్లూ పట్టుకున్నాను. ఆ రోజు నుంచి నా పేరు ముక్కు. అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఎక్కడా మిగల్లేదు.

ఇంత గొప్ప ముక్కును ప్రపంచం దేనికి వాడుకుంటోందయ్యా అంటే, మురుగునీటి శుద్ధి ప్లాంటులో కంపు కొలవడానికి.

నా పరిశోధన ఒక పెట్టె. బీరువాను పడుకోబెడితే ఎంత ఉంటుందో అంత. లోపల చెక్కపేళ్లు, కంపోస్టు. ఊళ్లోని మురుగంతా వచ్చి పడే తొట్టి మీది గాలిని ఒక ఫ్యాను ఈ పెట్టెలోకి తోస్తుంది. పేళ్ల మీద కాపురముంటున్న సూక్ష్మజీవులు ఆ కంపును తినేస్తాయి. పైనున్న గొట్టంలోంచి మంచి గాలి వస్తుంది. అంటే, రావాలి. నాలుగేళ్లుగా రావాలి.

వాసనకు సున్నా నుంచి ఐదు దాకా మార్కులు. రోజూ పొద్దున ఏడింటికి నేను వేస్తాను. లోపలికి పోయే గాలికి ఐదు. ఇది ముక్కు పెట్టి చూసేది కాదు, తొట్టి దగ్గర గ్యాసు ప్రమాదం కాబట్టి ముక్కు పెట్టకూడదని నిబంధన, ఐదు అని అచ్చేసుకోవడమే. బయటికొచ్చే గాలికి మూడు. కమిటీకి కావలసింది ఒకటి, లేదా అంతకన్నా తక్కువ. కమిటీ ఏప్రిల్ 28న. ఇప్పటికే రెండుసార్లు గడువు పెంచారు. రెండోసారి కాగితం మీద ‘చివరిది’ అని రాసి కింద గీత గీశారు. ఆ రోజుకి కూడా మూడు మూడుగానే ఉంటే నా పీహెచ్‌డీ గోవిందా.

మార్చి 6

ప్లాంటు గోడకు ఆనుకునే ఒక ఇల్లుంది. అందులో ఒక రిటైర్డ్ లెక్కల టీచరుంది. ఆవిడ రోజూ నన్ను గేటు దగ్గర పట్టుకుంటుంది.

"ఏమయ్యా ముక్కూ, నిన్న సాయంత్రం ఐదుంబావుకి మీ కంపు మా వరండాలోకొచ్చింది. ఆరున్నర దాకా కదల్లేదు. మంచినీళ్లిచ్చి పంపమంటావా?"

"గాలి దిశ మారుంటుందండీ."

"గాలి దిశ కూడా రాశాను. పడమటి గాలి. ఇదిగో చూడు."

నోటుబుక్కు. తేదీ, సమయం, గాలి, మార్కులు. మార్కులు కూడా నా పద్ధతిలోనే, ఐదుకి. మూడేళ్లుగా రాస్తోందట. ఇంత ఓపిక పరిశోధకుల్లో ఉంటే దేశం బాగుపడేది. ఆ మాట ఆవిడతో అనలేదు, వెంటనే నన్ను రాయమంటుంది.

మార్చి 8

జ్వరం.

మార్చి 9

జ్వరం, జలుబు. ముక్కు ప్లాంటుతో పోటీపడి ప్రవహిస్తోంది.

మార్చి 12

జ్వరం తగ్గింది. పడుకున్న నాలుగు రోజుల్లో నాకొక ఆలోచన వచ్చింది. ఏ పేపర్లోనూ లేనిది, కేవలం నాది. పేళ్లు సగం తీసేసి కొబ్బరిపీచు నింపేశాను.

ప్లాంటు ఆపరేటరన్న పక్కన నిలబడి చూస్తున్నాడు. "పీచు కడగరా సార్? ఉప్పుంటుందేమో."

"అన్నా, ఇది పీహెచ్‌డీ," అన్నాను.

అన్న భుజం మీది తువ్వాలు దులుపుకుని పంపుల వైపు వెళ్లిపోయాడు.

మార్చి 13, గురువారం

సున్నా!!

మళ్లీ రాస్తాను, రాయడం బాగుంది. సున్నా. గొట్టానికి ముక్కు ఆనించి గుండెల నిండా పీల్చాను. ఏమీ లేదు. మూడుసార్లు పీల్చాను. మూడుసార్లూ ఏమీ లేదు. జ్వరానికి ముందు మూడు, పీచు వేసిన ఒక్క రాత్రిలో సున్నా. ఆ పీచును నేను ముద్దు పెట్టుకోలేదంటే కారణం ఆపరేటరన్న చూస్తుండడమే.

వెనక్కి నడుస్తుంటే గమనించాను, గేటు దగ్గర కూడా వాసన లేదు. బస్టాపు దగ్గరా లేదు. బీరువా అంత పెట్టె ఇంత దూరం ప్రభావం చూపిస్తుందని నేనే ఊహించలేదు. థీసిస్‌లో దీనికో ప్రత్యేక అధ్యాయం.

మార్చి 15

గాలిలో కంపు గ్యాసు ఎంతుందో చూపే మీటరు అవుట్‌లెట్ గొట్టం దగ్గర పదకొండు చూపిస్తోంది. మొన్నటిదాకా నాలుగు చూపించేది. సున్నా వాసన వచ్చే చోట పదకొండు ఎలా వస్తుంది? మీటరు పాడైందన్నమాట. పాపం, దానికీ వయసైంది. దాంట్లో సున్నా ఎక్కడుందో చెప్పే బటన్ ఒకటుంటుంది. అవుట్‌లెట్ గాలి పట్టించి, ‘ఇదమ్మా సున్నా’ అని ఆ బటన్ నొక్కాను. ఇప్పుడు బుద్ధిగా సున్నా చూపిస్తోంది.

రికార్డులో: ‘పరికరమును క్షేత్రస్థాయిలో సరిచేయడమైనది.’

మార్చి 18

అక్క వంట ఈ మధ్య దెబ్బతింది. ఉప్పుంది, కారముంది, అంతే, ఇంకేమీ లేదు. ఆఫీసు పనితో అలిసిపోతోంది కాబోలు. చెబితే బాధపడుతుందని మెచ్చుకుంటూ తింటున్నాను.

ఇవాళ మాత్రం తనే నా మీదికొచ్చింది. "ఏరా, పాలు మాడి గిన్నె బొగ్గయింది. వీధి చివరి నుంచే వాసన తెలిసింది నాకు. స్టవ్వు పక్కనే కూర్చుని ఏం చేస్తున్నావు?"

"థీసిస్ రాస్తున్నానక్కా. ఏకాగ్రత."

"నీ ఏకాగ్రత మండిపోనూ."

"మండింది కదే, గిన్నెలో," అన్నాడు బావ పేపరు చాటు నుంచి.

మార్చి 21

ప్లాంటు మేనేజరు గారికి చెప్పాను. ఆయన కుర్చీలోంచి లేచి నాతో చేయి కలిపాడు. నాలుగేళ్లలో మొదటిసారి. "ఒక పేజీ రాసివ్వండి సార్, సంతకంతో. ఆ టీచరు గారి ఫిర్యాదులు ఇంత మందం ఫైలయ్యాయి."

రాసిచ్చాను. ‘అవుట్‌లెట్ వాసన: సున్నా. పరిసరములలో దుర్గంధము లేదు.’ కింద సంతకం, పైన యూనివర్సిటీ ముద్ర. గైడ్‌కి చూపించాలేమో అని ఒక్క క్షణం అనిపించింది. ఆయన కాన్ఫరెన్స్‌లో ఉన్నారు. మంచి వార్త ఒకేసారి పెద్దదిగా చెబుదామని ఊరుకున్నాను.

కంపు తెలియకుండా గోడ వెంట రోజూ కొట్టే వాసన మందు ఇక అక్కర్లేదని మేనేజరు అక్కడికక్కడే ఆపించేశాడు. నివేదిక నకలు టీచరమ్మకు పంపించి, ఫైలు మూసేశాడు. సైన్సు ఇంత త్వరగా సమాజానికి ఉపయోగపడడం అరుదు.

మార్చి 25

టీచరమ్మ గేటు దగ్గర ఉంది. చేతిలో నా కాగితం. నోటుబుక్కు లేదు.

"ఇది నిజమేనా బాబూ?"

బాబూ! ఇన్నాళ్లూ ‘ఏమయ్యా ముక్కూ’నే.

"నిజమేనండీ. పన్నెండు రోజులుగా సున్నా."

"నాకింకా వస్తోందే. ఇదివరకటి కంటే ఎక్కువగా."

నేను ఓపిగ్గా వివరించాను. వాసనలో సగం జ్ఞాపకమని, ఏళ్ల తరబడి కంపు పీల్చిన మనిషికి కంపు పోయాక కూడా వస్తున్నట్టే ఉంటుందని, ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదని. చాలా బాగా చెప్పాను. ఆవిడ కాగితం నాలుగు మడతలు పెట్టుకుని వెళ్లిపోయింది.

ఏప్రిల్ 1

సున్నా.

ఏప్రిల్ 2

సున్నా. చిన్నప్పుడు లెక్కల పరీక్షల్లో కూడా ఇన్ని వరసగా రాలేదు.

ఏప్రిల్ 9

ఆపరేటరన్న మాస్కు మీద ఇంకో మాస్కు పెట్టుకుని తిరుగుతున్నాడు. "సార్, మీకేం రావట్లేదా?" అన్నాడు.

"నీకు అలవాటైపోయిందన్నా, అందుకే ఇంకా వస్తున్నట్టుంటుంది."

"అలవాటైతే రాకూడదు కదా సార్?"

చదువు లేకపోయినా కొందరు ఇలా అడ్డంగా వాదిస్తారు.

టీచరమ్మ గేటు దగ్గరికి రావడం మానేసింది. శాస్త్రానికి తలవంచింది. సంతోషం.

ఏప్రిల్ 14, సోమవారం

గైడ్ రమ్మన్నారు. నా రీడింగుల పుస్తకం ఆయన బల్ల మీద తెరిచి ఉంది.

"ముప్పై రెండు రోజులు. ముప్పై రెండు సున్నాలు."

"అవును సర్." తల దించుకున్నాను, పొగడ్తను అందుకోవడానికి వీలుగా.

"బతికున్న ఫిల్టరు గొట్టం దగ్గర ముక్కు పెడితే ఏం వాసన వస్తుంది?"

"ఏమీ రాదు సర్."

"తడిమట్టి వాసన వస్తుంది. వాన వెలిశాక పెరట్లో వస్తుందే, అది. కంపు పోతుంది, ఆ వాసన మిగులుతుంది. అందుకే ఒకటి రావచ్చు, అర రావచ్చు, సున్నా రాదు. ఇరవై ఏళ్లలో నేనొక్క సున్నా చూడలేదు. నువ్వు ముప్పై రెండు పెట్టావు." పుస్తకం మూశారు. "ఇంట్లో కూర్చుని రాశావు కదూ?"

"లేదు సర్! రోజూ వెళ్లాను. ఆపరేటరన్నను అడగండి."

"అడిగాను. వెళ్లావనే చెప్పాడు. అక్కడ నిలబడలేకపోతున్నాం సార్ అని కూడా చెప్పాడు. మరి వెళ్లినవాడికి తెలియదా?"

ఆయన నన్ను వింతగా చూస్తున్నారు.

"పొద్దున ల్యాబ్‌లో ద్రావకం సీసా పగిలింది. కారిడార్ చివరి దాకా కంపు. అందరూ బయటికి పరిగెత్తారు. నువ్వు?"

నేను దాని పక్క బల్ల మీద కూర్చుని సున్నాలకు గ్రాఫు గీస్తున్నాను. ఇవాళ అందరూ కాఫీకి నన్నొక్కడినే వదిలి వెళ్లారని అలిగాను కూడా.

ల్యాబ్ అసిస్టెంటును పిలిచి మూడు సీసాలు తెప్పించారు. మేమందరం ఆయన్ని బాబాయ్ అంటాం. పదిసార్లు మార్చి మార్చి పెట్టాడు. నేను పదిసార్లూ చాలా నమ్మకంగా చెప్పాను.

"సరైనవి ఎన్ని, బాబాయ్?" అని అడిగాను.

"మూడురా."

"పదికా?"

"పదికే. కళ్లు మూసుకుని వేలు పెట్టినా మూడొస్తాయిరా నాన్నా. నీ ముక్కు ముఖానికి అందం కోసం ఉందంతే."

దొంగను కాదని తేలింది. పనికిరానివాణ్ణని తేలింది. రెండూ ఒకే పరీక్షలో, ఐదు నిమిషాల్లో.

ఏప్రిల్ 16

డాక్టరు: జ్వరం తర్వాత ఇలా అవుతుంటుంది. రావచ్చు. నెలలు పట్టవచ్చు. రాకపోవచ్చు.

ఇంటికొచ్చి అక్క కూర గురించి అనుకున్నవన్నీ మనసులోనే వెనక్కి తీసుకున్నాను.

గైడ్ మెత్తబడ్డారు. "పీచు వేసిన రోజు నుంచి డేటా వదిలేయ్. కడగని పీచులో ఉప్పుకి సూక్ష్మజీవులు చచ్చి పెట్టెలోని బెడ్ పాడైందని చెప్పు, అది నిజమే కదా. పాత మూడుతోనే నేనేదో చెప్పి గట్టెక్కిస్తాను. ముక్కు సంగతి ఎత్తకు. ఎత్తితే రెండేళ్ల రీడింగులూ తవ్వుతారు, ఎప్పటి నుంచి పోయిందో ఎవడికి తెలుసు అంటారు. డిగ్రీ కావాలా వద్దా నీకు?"

కావాలి సర్.

ఆ ఒక్క పేజీ నివేదిక సంగతి ఆయనకు చెప్పలేదు. అడగలేదు కదా.

ఏప్రిల్ 17

బాగా ఆలోచించాను. మౌనమే మర్యాద. నా ముక్కు నా సొంత శరీరభాగం, దాని ఆరోగ్యం నా వ్యక్తిగత విషయం. చెవుడున్న ఇంజినీర్లు లేరా? కళ్లద్దాల వాళ్లు లేరా? వాళ్లు కమిటీ ముందు నిలబడి మాకు సరిగ్గా కనిపించదు మహాప్రభో అంటున్నారా? అయినా నేను అబద్ధం ఆడలేదు, వాసన రాలేదు, రాలేదని రాశాను. అంతకంటే నిజాయితీ ఏముంటుంది? ఇక ఆ నివేదికంటారా, ఆఫీసుల్లో ఒక్క పేజీ కాగితాలు ఎవరు చదువుతారు.

ఏప్రిల్ 18

ఎవరూ చదవరు.

ఏప్రిల్ 19, శనివారం

చెడిపోయిన బెడ్ ఖాళీ చేయడానికి ప్లాంటుకు వెళ్లాను. టీచరమ్మ ఇల్లు దారిలోనే కాబట్టి తలుపు తట్టాను. దారిలోనే అంటే, గేటు దాటి వంద అడుగులు అవతల.

కిటికీలన్నీ మూసి, సందుల్లో పాతగుడ్డలు కుక్కి ఉన్నాయి. ఆవిడ మనిషి సగమైంది.

"రా బాబూ, కూర్చో."

"కనిపించడం లేదేంటండీ? నోటుబుక్కు?"

"మూసేశాను. నీ కాగితం వచ్చాక రాయడమెందుకు?"

"వాసన... వస్తోందా?"

"చదువుకున్నవాడివి, సంతకం పెట్టావు, ముద్ర ఉంది. లేదన్నావు. నాకేమో పొద్దున్నా సాయంత్రమూ వస్తూనే ఉంది. అన్నం సహించదు. మరి రోగం నాకే కదా? ముక్కు డాక్టరు దగ్గరికి వెళ్లాను. అన్ని పరీక్షలూ చేసి, ముక్కు బంగారంలా ఉందమ్మా అన్నాడు. అయితే ఇక బుర్రదేగా. ఆయన్నే అడిగి మానసిక డాక్టరుకి చీటీ రాయించుకున్నాను. సోమవారం వెళ్లాలి." చిన్నగా నవ్వింది. "ముప్పై ఐదేళ్లు లెక్కలు చెప్పాను. చివరికిలా అవుతుందనుకోలేదు."

నా దగ్గర ఎప్పుడూ ఏదో ఒక జోకు ఉంటుంది. వెతికాను.

"వెళ్లకండి," అన్నాను.

"ఎందుకు?"

"రోగం మీకు కాదు. నాకు. నాకేమీ వాసన రావడం లేదు. పాలు మాడినా రాదు. ల్యాబ్‌లో సీసా పగిలినా రాదు. తెలియక రాశాను."

ఆవిడ కుర్చీ ముందుకు జరుపుకుంది.

"ఎప్పట్నుంచి?"

"మార్చి ఎనిమిది, జ్వరం వచ్చినప్పటి నుంచి."

"నలభై రెండు రోజులు," అంది వెంటనే. "సరే, నీకు రాలేదు. సంతకం పెట్టేముందు ఇంకొకరిని అడగాలనిపించలేదా?"

"మీరు అడక్కుండానే చెప్పారు కదండీ."

"చెప్పానుగా మరి!"

అరిచింది. ఆ అరుపు విని నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ తర్వాత పావుగంట ఆవిడ నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. ఒక్కటి కూడా పునరుక్తి లేదు. అన్నీ అయ్యాక లేచి వెళ్లి కిటికీ సందులోంచి గుడ్డ లాగి, ఒకసారి పీల్చి, "నాలుగున్నర," అంది. బల్ల సొరుగులోంచి నోటుబుక్కు తీసింది. దాని కిందనుంచి ఇంకో కాగితం తీసి నా చేతిలో పెట్టింది. ముక్కు డాక్టరు ఇచ్చినది.

"ఇది నాకెందుకూ? నీ పుస్తకంలో అతికించుకో."

ఏప్రిల్ 21

మేనేజరు గారికి నివేదిక వెనక్కి తీసుకుంటున్నానని చెప్పాను.

"వెనక్కి తీసుకోవడానికి ఫారం లేదండీ."

"తెల్ల కాగితం మీద రాస్తాను."

"ఫైలు మూసేశాం కదండీ."

"తెరవండి."

చేయి కలపలేదు. సాయంత్రం నుంచి గోడ వెంట మందు మళ్లీ కొడుతున్నారట. ఆపరేటరన్న చెప్పాడు, ఒకే మాస్కులోంచి.

తర్వాత వెళ్లి గైడ్‌కి అంతా చెప్పాను, ఆ ఒక్క పేజీతో సహా. ఆయన కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టి, నేను వెళ్లేదాకా మళ్లీ పెట్టుకోలేదు.

ఏప్రిల్ 28, సోమవారం

చెప్పేశాను.

గైడ్ సిద్ధం చేసిన వాక్యాలు నా ముందే ఉన్నాయి. ‘బెడ్ వైఫల్యం వలన’ దాకా చదివాను కూడా. తర్వాత చూస్తే నోరు దానంతటదే వేరే సంగతి చెబుతోంది. కమిటీలో ఐదుగురు. ఒకాయన నవ్వు ఆపుకోవడానికి నీళ్లు తాగి, నీళ్లతో సహా నవ్వాడు. బయటి నుంచి వచ్చిన పెద్దావిడ మాత్రం నవ్వలేదు.

"మీటరును మీ ముక్కును బట్టి సరిచేశారు."

"అవునండీ."

"ముక్కు పనిచేయదు."

"చేయదండీ."

"అయితే ఈ పరిశోధనలో అధికారికంగా పరీక్షించి, సరిగ్గా ఉందని తేలిన పరికరం ఏదైనా ఉందా?"

"అనుబంధం మూడులో ఉందండీ."

తిప్పి చూసింది. టీచరమ్మ నోటుబుక్కు నకలు, దాని ముందు ఆవిడ డాక్టరు కాగితం. రోగి వయసు అరవై ఎనిమిది. ఘ్రాణశక్తి సాధారణం.

అరగంట నన్ను బయట కూర్చోబెట్టారు. గైడ్ చెప్పినట్టే అయింది, ముక్కుతో వేసిన మార్కులన్నీ, రెండేళ్లవీ, కొట్టేశారు. టీచరమ్మ నోటుబుక్కు మూడేళ్లదీ ఉంచారు. నాకు ఆరు నెలలు ఇచ్చారు. రోజువారీ మార్కు ఆవిడే వేయాలి, నేను రాయాలి. ఆరు నెలల్లో ఒకటికి దిగితే డిగ్రీ, లేకపోతే లేదు. ఈసారి ‘చివరిది’ అని రాయలేదు. అంత అవసరం కనిపించలేదేమో.

కారిడార్ పొడవునా గైడ్ నాకంటే నాలుగడుగులు ముందు నడిచారు. మెట్ల దగ్గర ఆగారు.

"పీచు కడిగావా?"

"పీచు మానేశాను సర్. మళ్లీ పేళ్లే."

"పేళ్లు కూడా కడుగు."

మే 5, సోమవారం

కొత్త బెడ్, మొదటి రోజు. పొద్దున ఏడింటికి టీచరమ్మ చీర కొంగు బిగించి, హెల్మెట్ పెట్టుకుని, ఆపరేటరన్న పట్టుకున్న స్టూలెక్కింది. గొట్టం దగ్గర ఒకసారి పీల్చింది. దిగింది. గేటు దాకా నడిచొచ్చింది. మళ్లీ ఎక్కి పీల్చింది. మార్కులు అలా ఊరికే వేయదట.

"నాలుగు."

"మూడున్నర కాదాండీ? కొత్త బెడ్ కదా, సూక్ష్మజీవులు ఇంకా సర్దుకోలేదు, వారం పోతే..."

"పేపరు దిద్దేటప్పుడు పక్కన నిలబడి మార్కులు అడుక్కునే పిల్లల్ని నేనేం చేసేదాన్నో తెలుసా?"

"తెలియదండీ."

"ఉన్నదాంట్లో ఒక మార్కు తీసేసేదాన్ని. ఇక్కడ తీస్తే నీకే లాభం కాబట్టి కలపాల్సొస్తుంది. ఐదు వేయమంటావా?"

ఆపరేటరన్న గొంతు సవరించుకుని అటు తిరిగాడు.

నేను గొట్టానికి ముక్కు ఆనించి గుండెల నిండా పీల్చి చూశాను. ఎప్పటిలాగే అద్భుతంగా ఉంది, సున్నా.

నాలుగు అని రాశాను.